మాది సర్కారు అన్నందుకు

పక్క మిద్దె అవ్వ పోయిందని నిన్న కార్డు వచ్చింది. రాసింది ఆ వీధి బడిపంతులు. కర్ర పట్టుకుని మిద్దె ఎక్కి, వానలకు ముందు దగ్గరుండి చౌడు మట్టి పరిపించిందట. దిగి వచ్చి మగ్గం పక్కన ఒరిగిందట. మళ్ళీ లేవలేదట. కార్డు అంచున చోటు మిగిలితే అడ్డంగా ఇంకో వాక్యం ఇరికించాడు: "కుక్క మాత్రం మిద్దె మీదనే ఉండి అరుస్తాండాది."

ఆ వాక్యం చదివి వంటింట్లో పీట మీద కూలబడ్డాను. పోయినావిడ మా చుట్టం కాదు, మా కులం కాదు, మా జిల్లా కూడా కాదు. నాకు మైల లేదు. అయినా పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.

ఇది చదివేవారికి ఆవిడ ఎవరో తెలియదు కనుక చెప్పాలి. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు ఆవిడ కుక్క గురించి చెప్పాలి. కుక్క సంగతి చెబితే నేను చేసిన తప్పు బయటపడక తప్పదు. పడనీ. పద్దెనిమిదేళ్ళు దాచాను, చాలు.

అప్పుడు మావారికి కర్నూలు జిల్లాలో కాలువ ఆఫీసులో గుమాస్తా పని. కర్నూలుకు బండి మీద ఒక పగటి దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో, నేతగాళ్ళ వీధిలో, ఇల్లు దొరికింది. నేను గోదావరి లంకల్లో పుట్టినదాన్ని, నీళ్ళ మధ్య పెరిగినదాన్ని. ఆ నేతగాళ్ళ ఊళ్ళో బావిలో చేద వదిలితే నీళ్ళ చప్పుడు వినబడేలోగా రెండుసార్లు ఊపిరి పీల్చుకోవచ్చు. మూడేళ్ళుగా సరైన వాన లేదన్నారు. చంకలో మూడు నెలల పాప. అందరూ తెలుగే మాట్లాడేవారు, నాకు సగం అర్థమయ్యేది కాదు. నా తెలుగూ వాళ్ళకు అంతే. మొదటి రోజు "మామ్మగారూ" అని పిలిస్తే అవ్వ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరో వచ్చారనుకుని.

మా వైపు తాటాకు ఇళ్ళు, పెంకుటిళ్ళు. అక్కడివి మట్టి మిద్దెలు. దూలాల మీద నాపబండలు పరిచి, వాటి మీద జానెడు మందాన చౌడు మట్టి పోసి దిమ్మిసతో కొట్టి కడతారు. ఒక మిద్దెకు ఒకటి ఆనుకుని ఉంటాయి గనుక ఈ చివర ఎక్కితే ఆ చివర దాకా నడిచిపోవచ్చు. మనుషుల కంటే ఈ సంగతి అవ్వ కుక్కకు బాగా తెలుసు. దాని పేరు నల్లోడు. రంగు గోధుమ. "ఇంతకు ముందుండినోడు నల్లగా ఉండె. వాడు పోయినాడని పేరు కూడా పారేస్తామా?" అనేది అవ్వ. ఇప్పుడు మిద్దె మీద అరుస్తున్నది ఆ పేరుకు ఎన్నోవాడో.

నల్లోడికి వాళ్ళ మిద్దె నచ్చేది కాదు. వచ్చి సరిగ్గా మా లోపలి గది మీద, పాప ఉయ్యాలకు పైన నిలబడి, వీధిలో పోయే ప్రతి ప్రాణినీ చూసి మొరిగేవాడు. ఎద్దులబండిని చూసి మొరిగేవాడు, గద్దను చూసి మొరిగేవాడు, ఏమీ లేకపోతే ఎండను చూసి మొరిగేవాడు. పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. నెత్తిన కుంపటి అని అందరూ ఊరికే అంటారు, నేను దాని కింద కాపరం చేశాను. ఉయ్యాల మీద కప్పిన పల్చటి గుడ్డ మీద రోజూ చిటికెడు మన్ను రాలి ఉండేది. కుక్క తొక్కితే రాలుతోందనుకుని దులిపి మళ్ళీ కప్పేదాన్ని.

అవ్వ మంచిది. ఆ మాట ముందే చెప్పాలి. తెల్లవారగానే తన బిందెతోపాటు నాకూ ఒక బిందె నీళ్ళు తెచ్చి గడప దగ్గర పెట్టేది. వద్దంటే, "బాయి లోతు, నీ చేతులు మెత్తన. కొన్నాళ్ళు పోనీ, కాయలు కాస్తాయి లే" అనేది. మధ్యాహ్నం జొన్నరొట్టె తెచ్చి తలుపు దబదబా బాదేది. ఇంట్లో ఒంటరి మనిషి. గుంతలో కాళ్ళు పెట్టి పొద్దస్తమానం మగ్గం నేసేది. ఆ చప్పుడులో వాకిట్లో ఎవరు పిలిచినా వినబడదు. అందుకే కుక్క. "మగ్గంలో కూసున్నోళ్ళకు చెవులు వీధిలో ఉండాల తల్లీ. నా చెవులు వాడే" అని నాకు చెప్పింది కూడా. నేను తల ఊపాను గాని, పాప లేచి ఏడుస్తుంటే ఆ మాట మనసుకెక్కలేదు.

ఒకరోజు పాపకు జ్వరం. అప్పుడే కన్ను మూసింది. పైన నల్లోడు మొదలెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గబగబా వెళ్ళి ఆవిడ వాకిట్లో నిలబడి, "ఏమండీ, మీ కుక్కను అదుపులో పెట్టుకోండి. మాది సర్కారు! ఇళ్ళ నెత్తినెక్కి మొరిగే కుక్కల్ని మా దగ్గర ఎవరూ ఊరుకోరు!" అన్నాను. ఆ నోటితోనే, "పాప పడుకున్నప్పుడు తలుపు కూడా బాదకండి" అన్నాను.

గోదావరి, కృష్ణ వైపు వాళ్ళం మా జిల్లాలను సర్కారు జిల్లాలంటాం. మాది సర్కారు అంటే మాది ఆ వైపు అని. పుట్టింటి గొప్ప చెప్పుకోవడం తప్ప అందులో ఇంకేం లేదు.

అవ్వ మగ్గం ఆపింది. "సర్కారా?" అంది. 

"అవును, సర్కారే" అన్నాను. 

ఆవిడ ముఖంలో రంగు పోయింది. "అట్లయితే సరే తల్లీ" అంది.

మర్నాటి నుంచి చప్పుడు లేదు. ఒక్క మొరుగు లేదు. పాప హాయిగా పడుకునేది. నేను మావారితో, గట్టిగా అడిగితే ఎవరైనా వింటారు అని కూడా అన్నాను. కాని నాలుగు రోజులయ్యేసరికి ఆ నిశ్శబ్దం ఏదోలా ఉంది. వీధిలో బండి పోతుంటే నా చెవులు వాటంతటవే పైకి పోయేవి. ఏమీ ఉండేది కాదు. ఇంకొకటి కూడా ఉంది. కుక్క ఎక్కడం మానేసినా ఉయ్యాల మీద మన్ను రాలుతూనే ఉంది. అది నేను చూశాను. చూసి, దులిపి, ఊరుకున్నాను.

అయిదో రోజు జల్లెడ తిరిగివ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. నల్లోణ్ణి స్తంభానికి కట్టేసి ఉంచింది. మూతికి గుడ్డ చుట్టి ముడి వేసి ఉంది. పాత పేలిక కాదు. ఎర్ర అంచు ఉన్న కొత్త నేత. అది నావైపు చూసి మూతి నేలకు రాసింది.

"ఇదేమిటవ్వా?" అన్నాను.

"కూటికి ఇప్పుతా, మళ్ళా కడతా. సర్కారు ఉత్తర్వు గదా, పేలిక కడితే బాగుండదని చీర అంచు చించినా" అంది.

"కుక్క మొరగకూడదని సర్కారు ఉత్తర్వు వేస్తుందా?"

"ఎందుకెయ్యదు? ప్లేగు వచ్చినప్పుడు ఎలకలకు ఏసినాది. ఇండ్లు ఇడిసి చేన్లల్లో కొట్టాలు ఏసుకోండన్నాది. మా ఇంటాయన ఇనల్యా. మగ్గం ఇడిసి రానన్యాడు. పోయినాడు. సర్కారు మాట ఇంటే బతుకుతుంటిమి. ఇంకోసారి ఎదురు చెప్పను తల్లీ."

ఆ క్షణంలో చెప్పెయ్యవలసింది. సర్కారంటే మా ఊరి వైపు పేరవ్వా, అంతే. పది మాటలు పట్టవు. కాని మా ఇంట్లో పాప నిద్రపోతోంది. పదిహేను రోజుల తర్వాత మొదటిసారి నేనూ కంటి నిండా నిద్రపోయాను. తేలు కుట్టిన దొంగలా జల్లెడ అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత నెల రోజులు అవ్వ మెడ వీధి వైపు తిప్పుకుని నేసింది. కళ్ళు ఒకసారి పోగు మీద, ఒకసారి వాకిలి మీద. రొట్టె తెచ్చేది గాని తలుపు తట్టేది కాదు. గడప దగ్గర ఆకు కప్పి పెట్టి పోయేది. నేను తలుపు తీసేసరికి చల్లారి చీమలు పట్టి ఉండేది. నూలు ఇచ్చే ఆసామి మనిషి ఒకరోజు వాకిట్లో పిలిచి పిలిచి, పలకలేదని ఆ నూలు ఇంకొకరికి ఇచ్చిపోయాడట. ఆ సంగతి అవ్వ నాకు చెప్పలేదు. ఎదురింటావిడ చెప్పింది.

అప్పుడు వాన పట్టుకుంది. మూడేళ్ళ వాన ఒక్కసారే వచ్చినట్టు రెండు రోజులు ఆగకుండా కురిసింది. ఊరంతా సంబరం. నేనైతే పుట్టింటికి వెళ్ళినంత సంతోషపడ్డాను. ఎండకు బీటలిచ్చిన చౌడు అంత నీరు తాగితే దూలానికి ఎంత బరువో నాకెవరూ చెప్పలేదు, నేనెవరినీ అడగలేదు. ఇంటి ఆసామి కర్నూల్లో ఉంటాడు. ఆ ఏడు మా మిద్దె మీద పిడికెడు మట్టి కూడా వేయించలేదు. లోపలి గదిలో ఎండాకులు నలిపినట్టు చిన్న చప్పుడు వస్తుండేది. ఎలుకలనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం మావారు ఆఫీసుకు వెళ్ళారు. పాపను ఉయ్యాల్లో వేసి, తలుపు గడియ పెట్టి, ముందు గదిలో నడుం వాల్చాను. వాన చప్పుడులో ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. మా గడప దగ్గరే కుక్క మొరుగుతుంటే మెలకువ వచ్చింది. నెల రోజుల తర్వాత, గొంతు చించుకుని మొరుగుతోంది.

ఎంత కోపం వచ్చిందంటే, కొంగు కూడా సర్దుకోకుండా గడియ తీశాను. వానలో తడిసి ముద్దయి అవ్వ నిలబడి ఉంది. పక్కన నల్లోడు, మూతికి గుడ్డ లేదు. 

"ఏమిటిది? చెప్పానా లేదా?" అని అరిచాను.

అవ్వ రెండు చేతులూ జోడించింది. "తప్పు కాయమ్మా. సర్కారు మాట దాటినా. నేనే ఇప్పినా, వానిదేం తప్పు లేదు. తలుపు తట్టొద్దంటివి. పిలిస్తే వానలో నా గొంతు చాలల్యా. వాడు మొరిగితే కొట్లాటకన్నా బయటికి వస్తావని ఇప్పినా..."

"వచ్చాను. ఏమిటో చెప్పు!"

"పైకెక్కి సూసినా. మీ మిద్దె నడుమ గుంత పడి నీళ్ళు నిలిచినాయి. కూలుతాండాది తల్లీ. బిడ్డ యాడ?"

నా కాళ్ళు కదలలేదు. నిజం చెబుతున్నాను, కన్నతల్లినై ఉండి కదలలేదు. ఆవిడ నన్ను పక్కకు తోసి లోపలికి పోయింది. పాపను ఎత్తుకుని వచ్చి, లోపలి గది గడప దాటుతూ, ముందు గదిలో ఉన్న నా చేతుల్లోకి విసిరినట్టే ఇచ్చింది. వెనక దూలం విరిగింది. ఆ చప్పుడు పెద్దది కాదు. ఆ తర్వాత బండలు పడిన చప్పుడు పెద్దది. దుమ్ము లేదు, అంతా బురదే. ఉయ్యాల ఉన్న చోటు కనబడలేదు. అవ్వ ఆ గడప దాటింది గాని ఆవిడ కుడి పాదం దాటలేదు, బండ దాని మీద పడింది.

నేను అరిచిన అరుపులు, ఆవిడ జోడించిన చేతులు, ఆ క్షమాపణ, ఇవన్నీ లేకపోతే ఆ పాదం కూడా దాటేది. ఎన్నో సార్లు మనసులో కొలిచి చూశాను. దాటేది.

కట్టు కట్టే ఆయన ఎముక కలిపాడు గాని, పాదం మునుపటిలా వంగలేదు. గుంతలో దిగి తొక్కుడు చెక్క తొక్కలేకపోయింది. ఆ మగ్గం మళ్ళీ ఆడలేదు. మిగిలిన రోజులన్నీ వేరేవాళ్ళకు నూలు కండెలు చుట్టి ఇచ్చి బతికింది. నడక కంటే మగ్గం ముందు నేర్చుకున్న మనిషి.

వారం తర్వాత ఆవిడ మంచం పక్కన కూర్చుని చెప్పాను. "అవ్వా, సర్కారంటే మా జిల్లాల పేరు. నీ కుక్క మీద ఏ ఉత్తర్వూ లేదు."

"ఉత్తర్వు ల్యా?"

"లేదు."

"మరి చెప్పినాది ఎవరు?"

"నేనే. నాకు నేనే చెప్పాను."

తిట్టినా బాగుండేది. నా తల మీద చెయ్యి వేసింది. "నువ్వు చెప్పినా కట్టేసేదాన్ని గదా తల్లీ. పసిబిడ్డ నిద్రపోవాలంటే కట్టెయ్యనా? పొరుగు మాట సర్కారు మాట కంటే తక్కువా? నువ్వని తెలిసింటే మూతికి గుడ్డ లేకుండా, ఉత్త తాడుతో కట్టేసేదాన్ని. ఎవరన్నా వస్తే వాడు నాకు చెప్తుండె." మళ్ళీ అంది, "నిన్ను చూసి భయపడినా గదే. నువ్వు నా మనవరాలంత."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. మేము బదిలీ మీద వచ్చేసే రోజున కుంటుతూ బండి దాకా వచ్చింది. "మీ ఊర్లో మిద్దెలు లేవంటివి, మంచిదే. ఉన్న తావుకు పోతే మాత్రం వానలకు ముందు ఎక్కి సూడు. కింద ఉన్నోళ్ళకు కప్పు ఎప్పుడూ బాగానే కనిపిస్తాది" అంది. నల్లోడు బండి వెనకాల ఊరి చివర దాకా మొరుగుతూ వచ్చాడు. నేను పాప చెవులు మూయలేదు.

ఆ తర్వాత ఎన్ని ఇళ్ళు మారామో. ఎక్కడికి వెళ్ళినా పక్కింటి కుక్క మొరిగితే కోపం రాలేదు. మొరగడం ఆగితే మాత్రం ఇప్పటికీ లేచి కూర్చుంటాను. మా పాప నవ్వుతుంది. దానికి పద్దెనిమిదేళ్ళు వచ్చాయి. ఎవరి పాదం పోయి తన ప్రాణం నిలిచిందో చెప్పాను గాని, సర్కారు మాట మాత్రం ఇంతవరకు చెప్పలేదు. ఇది అచ్చయితే చదువుకుంటుంది.

నిన్న కార్డు పక్కన పెట్టి ట్రంకుపెట్టె తీశాను. అడుగున ఆ గుడ్డ ఉంది. ఆ రోజు ముడి విప్పే వ్యవధి లేక అవ్వ దాన్ని కుక్క మూతి మీద నుంచి లాగేసింది. మా గడప దగ్గర బురదలో పడి ఉంటే తీసి దాచాను, ఉతకలేదు. ఎర్ర అంచు వెలిసిపోయింది. ముడి అలాగే ఉంది, కుక్క మూతి పట్టేంత గుండ్రంగా. చేతిలోకి తీసుకుంటే మడతల్లోంచి చిటికెడు మన్ను నా ఒళ్ళో రాలింది.

ఈసారి దులపలేదు.