స్టిక్కరు పీకిన కంప్యూటర్లు

తెనాలిలో నేను కంప్యూటర్లు బిగించి అమ్మే రోజుల్లో ఊళ్ళో సగం మిషన్లలో సాఫ్ట్‌వేర్ దొంగ కాపీలే ఉండేవి. నాకది గిట్టేది కాదు. ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చని ఉచితంగా ఇచ్చిన ఒక ఆపరేటింగ్ సిస్టమ్ పట్టుకుని వేసవంతా కూర్చున్నాను. మెనూలన్నీ తెలుగులోకి తెచ్చాను. తెలుగు టైపు చేసే ఏర్పాటు కలిపాను. ఆన్ చేయగానే తెరమీద దాని అసలు పేరే వచ్చేది. పెట్టె ముందు అదే పేరుతో స్టిక్కరు వేసేవాణ్ణి. ఊరికే ఇచ్చినవాళ్ళ పేరు చెప్పుకోవడం మర్యాద అనుకున్నాను.

రేపల్లెలో ఒక ప్రైవేటు హైస్కూలు ల్యాబు మొత్తానికి ఆర్డరిచ్చింది. ముందు ఒక మిషన్ పంపాను. అక్కడి తెలుగు మేడం దానిమీద ప్రశ్నపత్రం తనే టైపు చేసుకుని, "ఇక బాపట్ల ప్రెస్సు చుట్టూ తిరగక్కర్లేదండి" అని సంబరపడ్డారు.

మిగతావి బిగిస్తుండగా ఆ సిస్టమ్ తయారుచేసినవాళ్ళ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఎలాగైనా మార్చుకోవచ్చుగానీ, మార్చినదాన్ని తమ పేరుతో మిషన్లలో ఎక్కించి అమ్మకూడదట. పేరు కావాలంటే ఉన్నదున్నట్టు ఎక్కించాలి, లేదా ప్రతి మార్పుకూ అనుమతి తీసుకోవాలి. ఎవరేం కెలికి అమ్మినా చెడ్డపేరు తమకే వస్తుందన్నారు. అందులో న్యాయం ఉంది, కాదనను. మార్పులన్నీ పంపాను. తెలుగు చదవగలిగినవాళ్ళు తమలో లేరు గనుక పరీక్షించలేం, అనుమతీ ఇవ్వలేం అన్నారు. పైగా మంచి పని చేశారని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సరేనని స్టిక్కర్లు పీకి, తెరమీద పేరు తీసేసి, మిషన్లు రేపల్లె తీసుకెళ్ళాను. స్కూలు కరస్పాండెంటు గారు పెట్టెల ముందువైపు వేలితో తడిమి చూశారు.

"ఏంటయ్యా, పేరు లేదేంటి?"

"లోపల సరుకు అదేనండి. తెలుగు కూడా ఉందండి."

"తెలుగు ఎవరిక్కావాలి? పేరెంట్స్ చూసేది స్టిక్కరే. అది లేకపోతే డూప్లికేట్ అంటారు. ఒరిజినల్ పెట్టు, లేకపోతే తీసుకెళ్ళిపో."

దొంగ కాపీలవాణ్ణి ఏనాడూ నిలదీయనివాళ్ళకు నేను డూప్లికేట్ అయ్యాను. అవి వెనక్కి తెచ్చుకుంటే కొట్టు మూసుకోవాల్సిందే. అక్కడే కూర్చుని, ముందు పంపినదానితో సహా ఒక్కో మిషన్లో నా పనంతా చెరిపేసి, తయారుచేసినవాళ్ళు ఇచ్చింది ఇచ్చినట్టు ఎక్కించి, మళ్ళీ స్టిక్కర్లు అంటించాను. కరస్పాండెంటు గారు పసుపూ కుంకుమా పెట్టించి కొబ్బరికాయ కొట్టారు.

కొబ్బరిముక్కలు పంచుతుండగా తెలుగు మేడం కాగితాలతో వచ్చి కుర్చీ లాక్కున్నారు. కాసేపు తెరంతా వెతికి నావైపు తిరిగారు.

"ఇందులో తెలుగు కనపడటంలేదేంటండి?"

"ఇది ఒరిజినల్ అండి," అన్నాను.