నడుమ నిలిచిన అక్క

సోమవారం పొద్దున నస్రుల్లాబాద్ దాటుతుంటే బస్సులో ఫోన్ వచ్చింది. అక్క పోయిందట. డెంగీ. నిజామాబాద్ తీసుకెళ్లేసరికే చేయి దాటిపోయిందన్నారు.

బాన్సువాడలో నాకు కంప్యూటర్ నేర్పింది ఆమే. టీచర్ అనకుండా అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. ఆలోచిస్తూ మార్కర్ మూత కొరికేది. ఏ మూతకూ అంచు సరిగా ఉండేది కాదు. ఈ రోజు నేను తినే అన్నం ఆమె పాఠాలదే.

మా ఊళ్లోని ఒక ప్రైవేటు దవాఖానలో రక్తపరీక్ష యంత్రం ప్రోగ్రామ్ ఒక భాషలో, డాక్టర్లు చూసే తెర వెనకాల ప్రోగ్రామ్ మరో భాషలో రాసి ఉండేవి. రెంటికీ పొత్తు కుదిరేది కాదు. ఫలితాలు చేత్తో ఎక్కిస్తుంటే ఒకరి రిపోర్టు ఇంకొకరికి పోయేది. అక్క నెలల తరబడి కూర్చుని, ఆ రెంటి నడుమ సందేశాలు చేరవేసే ప్రోగ్రామ్ రాసింది.

"దాని భాష దీనికి రావాల్సిన పన్లేదు తమ్మీ. నడిమిట్ల మాట పట్టుకునేటిది ఒకటుండాలె. అవతలిది బందుంటే, తెరిచేదాంక మాటను భద్రంగ ఉంచాలె," అని మాకు చెప్పింది.

అది ప్రారంభించిన రోజు దవాఖాన యజమాని మైకులో యంత్రం అమ్మిన కంపెనీని పొగిడాడు, తన కొడుకును పొగిడాడు. అక్క వెనక వరసలో నిలబడి ఉంది.

"నీ పేరు చెప్పలేదేందక్కా?" అన్నాను.

"మంచిగ నడుస్తుంది గదా, ఇగ నేనెవ్వరికి కనవడ్త?" అని నవ్వింది. చేతిలోని మిర్చి బజ్జీ మాత్రం ముట్టకుండానే పారేసింది.

ఆమె దవాఖాన వాళ్లను అడిగింది ఒక్కటే: ఇంకొకరిని పెట్టండి, పని నేర్పిస్తాను, రేపు నాకేమన్నా అయితే ఆగిపోవద్దు అని. "నువ్వున్నవ్ గదా, ఫికరేంది?" అన్నాడు యజమాని. జ్వరంతో మంచం మీదున్నప్పుడూ అక్కడి నుంచి ఫోన్లు ఆగలేదు. ఒక చేతికి సెలైన్, ఇంకో చేత్తో ల్యాప్‌టాప్. వద్దని పోట్లాడాను. "రిపోర్టు కోసం ఎవరో ఎదురుచూస్తుంటరు తమ్మీ," అంది.

అక్క దినాలు కాకముందే మా అమ్మ రిపోర్టు కోసం ఆ దవాఖానకే వెళ్లాల్సి వచ్చింది. కౌంటర్ ముందు జనం కిక్కిరిసి ఉన్నారు.

"రిపోర్టులు వస్తలేవు సార్. కంప్యూటర్ మేడమ్‌కు పొద్దటి సంది ఫోన్ చేస్తున్నం, ఎత్తుతలేరు," అంది అక్కడి అమ్మాయి.

"ఆమె చనిపోయిందమ్మా."

లోపలి గదిలోంచి యజమాని గొంతు వినిపించింది: "ఏందమ్మా, ఇంకోపారి కలుపు!"

నా ముఖంలోకి చూస్తూనే ఆ పిల్ల మళ్లీ నంబరు నొక్కింది.