ఆధారమడిగే అన్నయ్య

కువైట్‌లోని ఖైతాన్‌లో నా గదిలో ఉండే కోనసీమ అన్నయ్య ఏ మాటకైనా వేలెత్తి, "ఆధారమేదిరా తమ్ముడూ?" అనేవాడు. ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు, దేశం దాటే బస్సుకు ముహూర్తం చూస్తున్నవాళ్లను ఆ మాటతోనే బస్సెక్కించాడు.

ఇండియా తిరిగొచ్చాక ఇద్దరం ఒకే మేనేజ్‌మెంట్ కాలేజీకి దరఖాస్తు పెట్టాం. డిగ్రీలో మా ఇద్దరి మార్కులూ తక్కువే. సీటుకు నాకు మిగిలిన ఆశ ఒక్కటే. ఆక్రమణ రోజుల్లో మా భవనంలో అందరికీ రొట్టెలు వంతులవారీగా పంచింది నేను. అది దరఖాస్తుకు వ్యాసంగా రాసి ఆయనొక్కడికే చూపించాను. "మార్కులెవడిక్కావాలెహె, ఇది చాల్రా!" అన్నాడు.

బొంబాయి ఇంటర్వ్యూలో పెద్దాయన, "ఈ కథ పొద్దున ఇంకొకాయన చెప్పాడే. పంచింది మీరేననడానికి ఆధారమేది?" అన్నాడు. బయట బెంచీ మీద ఫలితం కోసం కూర్చున్న అన్నయ్య నన్ను చూసి తల దించుకున్నాడు.

ముహూర్తాలు నమ్మనివాడు మోసం చేయడని నమ్మాను. దానికి ఆధారమేదని నన్ను నేను ఒక్కసారైనా అడగలేదు.