మొత్తుకునే మోటారు, కదలని పడవ

ఆ రోజుల్లో మా వైపు తెలివైనవాళ్లంతా తక్కువ మాట్లాడి బతికేవారు. రాత్రి అన్నలు (నక్సలైట్లు), పగలు పోలీసులు. ఏ మాట ఎవరి చెవిన పడుతుందోనని భయం. నేను మాత్రం డిగ్రీ చదివాను కదా (ఫిజిక్సు, ఫస్టు క్లాసు, ఎవరూ అడగకపోయినా చెప్పేదాన్ని), ఎడతెరిపి లేకుండా మాట్లాడేదాన్ని. చేపల శాఖలో కొత్త ఉద్యోగం, కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం అవతల గోదావరి ఒడ్డున ఊరు, ఒక అద్దె గది. నేను వస్తుంటే అరుగుల మీద ముచ్చట్లు ఆగిపోయేవి. "బాగున్నరా మేడం" అనేవారు, అంతే. మూడు నెలల్లో ఒక్కరు కూడా నాతో వాదానికి దిగలేదు. వాదించేవాళ్లు లేకపోతే నాలాంటిదానికి అన్నం అరగదు.

ఒక శనివారం కోరుట్లలో మా అక్క బిడ్డకు ఇరవై ఒకటో రోజు, పేరు పెట్టే పండుగ. నన్ను 'ఏమే' అని పిలిచేవాళ్లందరూ అక్కడుంటారు. తీరా చూస్తే, దారిలో కల్వర్టు పేల్చారని బస్సు మా ఊరికి రావడం మానేసింది. పడవలో దిగువ ఊరిదాకా పోతే బస్సు దొరుకుతుంది. జాలర్ల సంఘానికి మా ఆఫీసు ఇచ్చిన మోటారు పడవ ఒడ్డునే ఉంది. "మోటరు ఖరాబైంది మేడం, నడువది," అన్నాడు సంఘం పెద్దమనిషి, నేను తాతా అని పిలిచే ముసలాయన. "ఎందుకు నడవదు? నేను చూస్తా!" అన్నాను.

మోటారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒళ్లో పెట్టుకుని ప్లగ్గు విప్పి కొంగుతో తుడిచాను (పట్టుచీర). పెట్రోలు పైపు నోటితో ఊదాను. పదకొండోసారి తాడు లాగేసరికి మోటారు ఊరు అదిరేలా మొత్తుకుంది. పడవ అంగుళం కదలలేదు. ఒడ్డుకు కట్టిన తాడు విప్పానా అని చూశాను (విప్పలేదు). విప్పాక కూడా కదలలేదు. "గేరు పోయింది!" అని ప్రకటించాను. ఒడ్డున వల కుట్టుకుంటున్న తాత భార్య తలూపింది. "ఔ మేడం, గంతే అయ్యుంటది." కాదు, నీళ్లలో పంఖాకు నాచు చుట్టుకుందన్నాను. "గట్లనే ఉంటది." దేన్నీ కాదనదేం ఈ మనిషి! పొద్దు నడినెత్తి దాటింది. ఎన్నడూ లేనిది నాకు ఏడుపొచ్చింది. మోటారు ఆపేసి, "అవ్వా, నాకు రాదు. నువ్వే చెప్పు," అన్నాను.

ఆమె వల పక్కన పెట్టింది. "ఎవ్వలకు చెప్పనని ఒట్టేస్తవా?" వేశాను. బొడ్లోని సంచిలోంచి వేలెడు ఇనుప సీల తీసింది. మోటారు వెనక పంఖాను ఇరుసుకు పట్టి ఉంచేది అదే.

"అన్నలు పడవ దీస్కపోతే పోలీసోళ్లు మమ్ముల దీస్కపోతరు. పోలీసోళ్లు దీస్కపోతే అన్నలచ్చి అడుగుతరు. గందుకే రోజూ సీల పీకి దాస్తం. ఇగ మోటరు ఎంత మొత్తుకున్నా పడవ పోదు."

"మరి పొద్దటి నుంచి చెప్పవేం?"

"నువ్వు అడిగితివా బిడ్డా? అన్నీ నువ్వే చెప్పవడ్తివి!"

మూడు నెలల్లో నాకు ఎదురు సమాధానం చెప్పిన మొదటి మనిషి. ఆమెను కావలించుకోవాలనిపించింది.

తాత సీల బిగించి నన్ను దిగువ ఊళ్లో దింపాడు. కోరుట్ల చేరేసరికి పేరు పెట్టడం అయిపోయింది. "గింత ఆలిశమేందే? చీరకు గా గ్రీజేంది?" అక్క నిలదీసింది. అందరూ నా చుట్టూ చేరారు. మూడు నెలల్లో నాకు జరిగిన ఒకే ఒక్క ముచ్చట నాలుక చివర నిలబడి తన్నుకుంటోంది. ఒట్టు గుర్తొచ్చింది. "బస్సు ఖరాబైంది," అన్నాను. అంతమంది నావాళ్ల మధ్య, ఆ ఊళ్లో కంటే ఒంటరిగా, లడ్డు తింటూ కూర్చున్నాను.

ఇప్పుడా అవ్వ లేదు, ఆ భయమూ లేదు, అందుకే చెబుతున్నాను. నా జీవితంలో నేను దాచగలిగిన రహస్యం అదొక్కటే (మా ఆయన్ను అడగండి). మరకల పట్టుచీరలో నోరు మూసుకుని కూర్చున్న ఆనాటి పిల్ల (నేనే) తలపుకొస్తే నవ్వొస్తుంది. పక్కన చేరి, ఆ పిల్ల ఏ మాటన్నా కాదంటూ, కాసేపు పోట్లాడి రావాలనిపిస్తుంది.