నీళ్లు వెనక్కి పోయే ఊరు

పెళ్లయిన పందొమ్మిదేళ్లలో పౌలురాజు ఏ బీచ్‌కి వెళ్లినా చెప్పులకూ సంచులకూ కాపలా కూర్చునేవాడు. చీరాల దగ్గర వాడరేవులో పుట్టిన మనిషికి సముద్రమంటే మొహం మొత్తిందేమో అనుకునేది భార్య కృపామణి. ఆమెది ఖమ్మం. నీళ్లు కనబడితే బట్టలు తడిసేదాకా ఆగదు.

ఈ వేసవిలో జర్మనీలో, కొలోన్‌లోని వాళ్ల వంటింట్లో వాదన మొదలైంది. కూతురు ఫెలిషా బాల్టిక్ సముద్రంలోని ర్యూగెన్ దీవికి వెళ్దామంది. తెల్లటి ఇసుక, నెమ్మదైన నీళ్లు. పౌలురాజు మాత్రం ఉత్తర సముద్రపు ఒడ్డున ఉన్న బ్యూసుమ్‌కే వెళ్దామని పట్టుబట్టాడు. ఎన్నడూ దేనికీ పట్టుబట్టని మనిషి!

"పాపా, డా ఇస్ట్ డోఖ్ కైన్ మేర్!" అంది ఫెలిషా జర్మన్‌లో, అక్కడసలు సముద్రమే ఉండదుగా నాన్నా అని. నిజమే. ఆటు వేళ అక్కడ నీళ్లు కనుచూపు మేర వెనక్కి పోతాయి. మిగిలేది బురద.

"ఆ బురద తొక్కటానికి అంత దూరం పోవాల్నా అండీ?" అంది కృపామణి.

మర్నాడు ట్రైన్ వేళల కోసం అతని ఫోన్ తీస్తే ఆమెకొక జాబితా కనబడింది. బ్యూసుమ్‌లో నీళ్లు ఏ రోజు ఏ గంటకు పోతాయో, ఎప్పుడు తిరిగొస్తాయో, వారానికి సరిపడా రాసుకున్నాడు.

"నీళ్లంటే భయమా?" అని మెల్లగా అడిగింది.

అతను గిన్నెలు కడుగుతూనే చెప్పాడు. "తొమ్మిదేళ్లప్పుడు అల లాక్కుపోయింది మణీ. చిన్నాన్న జుట్టు పట్టుకుని లాగాడు. వాడరేవోడికి నీళ్లంటే భయమంటే నవ్వరూ?"

ఆమె నవ్వలేదు. ఫెలిషాను పక్కకు పిలిచి ఏం చెప్పిందో గానీ, సాయంత్రానికి బ్యూసుమ్‌లో గది బుక్కయింది.

అక్కడ గైడ్ వెంట ముగ్గురూ ఒట్టి కాళ్లతో బురదలోకి నడిచారు. మొదట ఆచితూచి అడుగేసిన పౌలురాజు అరగంటకల్లా అందరికన్నా ముందున్నాడు. పీతను వెనక నుంచి ఒడుపుగా పట్టి చూపించాడు. ఫెలిషా అతని పక్క వదల్లేదు.

తిరుగుదారిలో ఒక పాయలోకి నీళ్లు చేరుతున్నాయి. పిక్కల లోతే. అయినా పౌలురాజు ఆగిపోయాడు.

"నేనున్నా కదండీ, రండి," అని కృపామణి చెయ్యి చాచింది.

ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని దిగాడు. నడిమధ్యలో నిలబడి కాళ్లకేసి చూసుకున్నాడు.

"చల్లగా బానే ఉన్నాయే," అన్నాడు.

త్వరగా రమ్మని గైడ్ కేకేసేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.