గంగయ్య గారి జంట నక్షత్రం

నా పేరు శాంతి. పేరులో ఉన్నది మనిషిలో లేదని కాలేజీలో అందరూ అంటారు. అననివ్వండి. రాజోలు దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లైబ్రరీ చూస్తాను. గంగయ్య గారు అక్కడే ఫిజిక్సు ల్యాబులో అటెండరు. ఇరవై ఆరేళ్ల సర్వీసు, ఇప్పటికీ పర్మనెంటు కాలేదు. ఆయన గురించి రాయబోతే నాకు కోపమే ముందొస్తుంది.

చదివింది పదో తరగతి. ఎప్పుడో పనిచేసి వెళ్లిపోయిన ఒక లెక్చరరు గారు ఆయనకు టెలిస్కోపు తుడవడంతో పాటు అందులోంచి చూడటం కూడా నేర్పారు. ఆ తర్వాత వచ్చిన మహానుభావులెవరూ దాని మూత తీసిన పాపాన పోలేదు. గంగయ్య గారు మాత్రం వానలు వెనకబట్టిన దగ్గర్నుంచి పుష్యమాసం దాకా రోజూ దీపాలు పెట్టే వేళకి దాన్ని మోసుకుని కాలేజీ డాబా ఎక్కేవారు. కింద నుంచి చూస్తే కొబ్బరి మట్టలు తప్ప మాకు ఆకాశం ఎక్కడిది? కుంభరాశిలో ఆర్ అక్వేరీ అనే నక్షత్రం ఆ రోజు ఎంత వెలుగుతోందో పక్కవాటితో పోల్చి రూళ్ల పుస్తకంలో రాసుకునేవారు.

"ఒకటి కాదండి, రెండండి," అని ఓరోజు నాకు చెప్పారు. "పెద్దది ముసలిదండి. ఉబ్బిపోయి ఒంట్లో సరుకంతా వదిలేస్తా ఉంటాదండి. చిన్నది చూడ్డానికే చిన్నది, మహా గట్టిదండి. ఆ సరుకుని తనచుట్టూ తిప్పుకుని లాగేసుకుంటాదండి. మింగలేనిది ఇటో ధార, అటో ధార చిమ్మేస్తాది. వాటినే జెట్లంటారండి."

"మీకు కనపడతాయా?"

"అబ్బే, మన గొట్టంలో ఎక్కడ కనపడతాయండి! పెద్ద టెలిస్కోపులవాళ్లు ఫొటోలు తీసుకుంటారు. కానీ ఎప్పుడు మసకేసిందో, ఎప్పుడు తేరుకుందో రోజూ కనిపెట్టుకుని ఉండేవోడు కావాలి కదండి. నలభై నాలుగేళ్లకోసారి ఆ రెండూ దగ్గరకొస్తాయండి, చిన్నదాని చుట్టూ ఉన్న దుమ్ము పెద్దదానికి అడ్డొస్తాది. కిందటిసారి నేను పలక పట్టుకుని బడికెళ్లేవోణ్ణి. వచ్చేసారికి ఉండను. దీని మీద ఓ మూల నా పేరు పడితే చాలండమ్మా, ఇంకేం అక్కర్లేదు."

ఎనిమిదేళ్లు చూశారు. రెండు పుస్తకాలు నిండాయి. అప్పుడు మా ఫిజిక్సు హెడ్డు సత్యప్రసాద్ గారికి వాటి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పేపరు రాస్తానన్నారు, గంగయ్య గారి పేరు కూడా వేస్తానన్నారు. సెమినారు పెట్టించి, హైదరాబాదు నుంచి ఒక పెద్ద సైంటిస్టు గారిని పిలిపించారు. ఆవిడ తెర మీద వేసిన గ్రాఫు బొమ్మలన్నీ చూసి, గుమ్మం దగ్గర నిలబడ్డ గంగయ్య గారి వైపు తిరిగి, "రోజూ చూసింది మీరేనా?" అని సూటిగా అడిగింది.

గంగయ్య గారు రెండు చేతులూ జోడించారు. "అబ్బే, అంతా మాష్టారి చలవేనండి. నేను స్టాండు మోసేనంతేనండి."

ఆయనకు మతి లేక అన్న మాట కాదది. మా వైపు భోజనాల్లో "చాలండి" అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. వడ్డించేవాడు ఆ చెయ్యి తప్పించి మరీ వడ్డించాలి. చాలన్నాడు కదా అని గిన్నె పట్టుకుపోతే, పెళ్లివారు పదేళ్లు దెప్పుళ్లు తింటారు. పొగడ్తకీ అంతే. గంగయ్య గారు చెయ్యి అడ్డం పెట్టారు. "అదేంటి గంగయ్యా, అన్నీ నువ్వు చూసినవే కదా" అని సత్యప్రసాద్ గారు తప్పించాలి. ఆయనదీ ఈ నేలే, తెలియక కాదు. చిన్నగా నవ్వి, తర్వాతి బొమ్మ వేశారు.

మరి నాకు నోరు లేదా? ముందు వరసలో ప్రిన్సిపాల్ గారున్నారని ఊరుకున్నాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

పేపరు అచ్చయి వచ్చినరోజు గంగయ్య గారు దాన్ని లైబ్రరీకి తెచ్చారు. "నా పేరు ఎక్కడుందో చూసి పెడతారా అమ్మా?" అన్నారు. నేను మొదటి పేజీ నుంచి చివరి దాకా రెండుసార్లు వెతికాను. ఆఖర్న ఒక్క వాక్యం ఉంది: టెలిస్కోపు స్టాండు మోసిన కాలేజీ సిబ్బందికి కృతజ్ఞతలు.

చదివి వినిపించాను. ఆయన "స్టాండు సంగతి మర్చిపోకుండా రాసేరండి," అంటూ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

మరుసటి ఏడు హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది, ఈ సీజను లెక్కలు కూడా పంపమని. సత్యప్రసాద్ గారికి ఆ నక్షత్రం ఎటుందో తెలిస్తే కదా! ఆదివారం మధ్యాహ్నం సరాసరి గంగయ్య గారింటికి వచ్చారు. మాది పక్కిల్లే, నేను అక్కడే ఉన్నాను. గంగయ్య గారి భార్య అచ్చమ్మ గారు అరిటాకు వేసి అన్నం పెట్టారు, కంద బచ్చలి కూర తెచ్చారు. గరిటెడు పడగానే సత్యప్రసాద్ గారు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలండి, చాలండి," అన్నారు.

"ఆయ్, సరేనండి," అని అచ్చమ్మ గారు గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆయన చెయ్యి ఆకు మీద అలాగే ఉండిపోయింది.

"అదేంటే! మాష్టారు మొహమాటానికన్నారే!" అని గంగయ్య గారు కంగారుగా లేచారు.

"ఆ రోజు మీరూ మొహమాటానికే అన్నారు కదండీ," అంది లోపల్నుంచి అచ్చమ్మ గారి గొంతు. "ఎవరైనా వడ్డించేరా?"

సత్యప్రసాద్ గారు తల వంచుకున్నారు. ఇప్పుడైనా ఒక్క మాట అంటారేమోనని నేను చూశాను.

గంగయ్య గారే వెళ్లి గిన్నె తెచ్చి, ఆ చెయ్యి మెల్లగా పక్కకి తప్పించి, కొసరి కొసరి వడ్డించారు. భోజనం అయ్యాక అలమర్లోంచి మూడో పుస్తకం తీశారు. "మొన్నటిదాకా రాసే ఉన్నాయండి," అంటూ ఆయన చేతికివ్వబోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "కనీసం అట్ట మీద మీ పేరన్నా రాసివ్వండి!" అని అరిచాను.

"బాగోదండమ్మా," అన్నారు గంగయ్య గారు. "మాష్టారే రాస్తార్లెండి."

సత్యప్రసాద్ గారు తేన్చి, పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.