మామ్మ విన్న నల్లా

నా చిన్నప్పుడు మేము అమీర్‌పేటలో అద్దెకుండేవాళ్లం. మా మామ్మ వైద్యం కోసం కృష్ణా జిల్లా నుంచి మా ఇంటికి వచ్చింది. ఆమెకు సోరియాసిస్. అరచేతుల నుంచి మోచేతుల దాకా తెల్లటి పొలుసులు లేచి రాలేవి. అది అంటుకునే జబ్బు కాదని పంజాగుట్ట డాక్టరమ్మ చెప్పినా, మామ్మ నాకు ముద్దలు కలిపి పెట్టడం మానేసింది. అమ్మ వడ్డిస్తుంటే దూరంగా కూర్చుని నేను తినేది చూసేది.

మాత్రలు మొదలుపెట్టాక చేతులు మెల్లగా తేరుకున్నాయి. త్వరలోనే నీకు ముద్దలు పెడతానని మామ్మ ఆశపడుతున్న రోజుల్లోనే పక్కింటి అక్క ఒక మాట మోసుకొచ్చింది. ఆ అక్కది తెలంగాణ. మనసు వెన్న, గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది.

"మీ అమ్మకు చెవులు ఇనొస్తలేవు సార్. పొద్దుగాల నేనెంత పిలిచినా బకెట్ పట్టుకొని వస్తలేదు. మర్లి ఇంట్లకే పోతుంది" అని మా నాన్నతో చెప్పింది.

నాన్న అంతకుముందే ఏదో జబ్బుకు సూదిమందు వాడితే ఎవరికో చెవుడొచ్చిందని ఆఫీసులో విని ఉన్నారు. ఇదీ మాత్రల పనేనని తీర్మానించేసి, మామ్మతో అరిచి మాట్లాడటం మొదలుపెట్టారు. నాకు బాగానే వినపడుతోందిరా అంటే, చెవుడున్నవాళ్లంతా అలాగే అంటారని కొట్టిపారేశారు. మాత్రలు మానిపిస్తాననగానే మామ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. పాపం, ఆమెకు కావలసింది ఆ చేతులు బాగుపడటమే.

ఆ సంగతి చెప్పడానికే పంజాగుట్ట వెళ్లాం. డాక్టరమ్మ వాదించలేదు. మామ్మ వెనక్కి వెళ్లి నిలబడి, గుసగుసగా మీ మనవరాలికి ఏం కూరంటే ఇష్టమని అడిగారు.

"దొండకాయ వేపుడండీ" అంది మామ్మ, తల తిప్పకుండానే.

నాన్న నోరు వెళ్లబెట్టారు. మరి పక్కింటావిడ పిలిస్తే బయటికి ఎందుకు రారని అడిగారు డాక్టరమ్మ. మామ్మ చేతులు కొంగులో దాచుకుంది.

"ఎవరో నల్లా అంటండీ. రోజూ పొద్దున్నే 'నల్లా వచ్చింది, నల్లా వచ్చింది' అంటుంది ఆ అమ్మాయి. వచ్చినావిడ నా చేతులు చూసి ఏమనుకుంటుందోనని లోపలికి పోతున్నా."

మా వైపు కుళాయి అంటాం. హైదరాబాదులో దాన్నే నల్లా అంటారు, నల్లా వచ్చిందంటే అందులో నీళ్లొచ్చాయని. ఆ ముక్క మామ్మకు చెప్పాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. డాక్టరమ్మ పకపకా నవ్వారు. తర్వాత మామ్మ చేతులు కొంగులోంచి బయటికి తీసి, తన చేతుల్లో పట్టుకునే నాన్నతో మాట్లాడారు. మందు వల్ల చెవులకేమైనా అవుతోందని అనుమానం వస్తే వచ్చి అడగండి, పరీక్ష చేయిద్దాం, మీకు మీరే ఆపేయకండి అన్నారు.

మర్నాడు అక్క కేక వినగానే మామ్మ బకెట్‌తో బయటికి నడిచింది. "వచ్చిందా మీ నల్లా?" అని అడిగితే, సంగతి తెలిసిన అక్క నవ్వలేక గోడ పట్టుకుంది.

కొన్నాళ్లకు మామ్మ దొండకాయ వేపుడుతో అన్నం కలిపి నా నోట్లో ముద్ద పెట్టింది. అప్పుడే వచ్చిన అక్క "నాకు సుత పెట్టమ్మా" అంటూ చెయ్యి చాచింది. మామ్మ ఆ ముద్ద పెడుతూ ఏడ్చేసింది.

ఇప్పుడు నేనూ మామ్మనయ్యాను. నా మోచేతుల మీదా ఆ పొలుసులు వచ్చాయి, వాటిని దాచుకోను. ఇంట్లో ఎవరైనా నా మాటకు పలకకపోతే గొంతు పెంచను. దగ్గరికి వెళ్లి కూర్చుని, నేనన్నది నీకు ఏమని వినిపించిందమ్మా అని అడుగుతాను.